మొదటి కార్డ్ ఎవరో ఒకరు చేయి పట్టి పెట్టించాలి

అనంతపురం నుంచి ఒక తండ్రి ఇలా అడిగారు: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడాదిగా గిటార్ కావాలని అడుగుతోంది. మా ఇంట్లో మా వైపు గానీ మా ఆవిడ వైపు గానీ సంగీతం తెలిసినవాళ్ళు లేరు. దగ్గర్లో నేర్పేవాళ్ళు ఎవరున్నారో తెలియదు. యూట్యూబ్ చూసి నేర్చుకుంటానంటోంది. ఇవేవీ లేని రోజుల్లో మీరంతా మొదట ఎలా నేర్చుకున్నారు? ఇప్పుడు మేం ఎక్కడ మొదలుపెట్టాలి?"

సార్, మాది కడప. నలభై ఏళ్ళుగా గిటార్ నాతోనే ఉంది. చాలాకాలం పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు ఆర్కెస్ట్రాలో వాయించాను. ఇరవై ఏళ్ళుగా సాయంత్రం పూట పిల్లలకు నేర్పుతున్నాను. మీరు అడిగినవి రెండు ప్రశ్నలు గానీ నా దగ్గరున్న జవాబు ఒకటే. కార్డ్ అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపు. మొదటి కార్డ్ మాత్రం ఒక మనిషి పక్కన కూర్చుని, పిల్ల వేలు పట్టుకుని సరైన చోట పెట్టించాలి. ఆ ఒక్క పని జరిగితే మిగతాది చెవి చూసుకుంటుంది, ఓపిక చూసుకుంటుంది. ఆ మనిషి పెద్ద విద్వాంసుడు కానక్కర్లేదు. మీ అమ్మాయి కంటే నాలుగు కార్డ్‌లు ఎక్కువ తెలిసుంటే చాలు.

నాకు ఆ మనిషి 1984లో దొరికాడు. అప్పుడు పదో తరగతి. మా వీధి చివర రేడియోలు, టేప్‌రికార్డర్లు రిపేరు చేసే చిన్న అంగడి ఉండేది. అంగడాయన ఆదివారాలు చర్చి క్వయర్‌లో, అంటే పాటలు పాడే గుంపులో, గిటార్ వాయించేవాడు. డిసెంబర్ వస్తే వాళ్ళ గుంపు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని రాత్రిపూట కేరల్స్ (క్రిస్మస్ పాటలు) పాడుతూ ఇల్లిల్లూ తిరిగేది. మాది హిందువుల ఇల్లు కాబట్టి మా గడప ముందు ఆగేవాళ్ళు కాదు. పక్కింటి ముందు ఆగి పాడితే మా వసారాలోకి వినిపించేది. డోలక్, తాళాలు నాకు కొత్త కాదు. వాటి అడుగునుంచి ఐదారు స్వరాలు ఒక్కసారిగా కలిసి లేచే ఆ చప్పుడు మాత్రం కొత్త. రేడియోలో సినిమా పాటల్లో విన్నదే. కానీ రేడియోలోంచి రావడం వేరు, నాలుగడుగుల దూరంలో చెక్కలోంచి రావడం వేరు. మర్నాడు బడి నుంచి వస్తూ ఆ అంగడి ముందు నిలబడ్డాను. మూడో రోజు ఆయనే పిలిచాడు.

"ఏం కావాల్రా అబ్బోడా, రోజూ ఈడ నిలబడుకుంటావు?"

"గిటార్ చూద్దామని అన్నా."

"చూసేదేముంది, దా, కూచో."

గిటార్ గోడకు మేకుకు వేలాడుతోంది. గదంతా సీసం కాలిన వాసన. ఆయన దాన్ని దించి నా తొడ మీద పెట్టాడు. నా మధ్యవేలు పట్టుకుని ఐదో తీగ మీద, ఉంగరం వేలు పట్టుకుని నాలుగో తీగ మీద, రెండూ రెండో ఫ్రెట్‌లో పెట్టించాడు. మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీల మధ్య గడిని ఫ్రెట్ అంటారు. తీగల్లో అన్నిటికన్నా సన్నది మొదటిది, లావుది ఆరోది. "కమ్మీ మీద కాదు, దాని ఎనకాలే నొక్కు. అంత దూరం పోతే బుర్రుమంటాది. బొటనవేలు మెడ ఎనక పెట్టు." ఆయన వేలి కొసల మీద సోల్డరింగ్ కాల్చిన మచ్చలు, ఎడమచేతి వేళ్ళకు తీగలు కోసిన గట్టి కాయలు. నా వేళ్ళ మీద ఆయన వేళ్ళు పెట్టి అదిమి, కుడిచేత్తో ఆరు తీగలూ ఒక్కసారి మీటాడు. అది ఇ మైనర్. నా వేళ్ళ కింద పుట్టిన మొదటి కార్డ్. తీగల వణుకు చెక్కలోంచి నా కడుపులోకి దిగడం ఇప్పటికీ గుర్తుంది.

ఆయన ఇ మైనర్‌తో మొదలుపెట్టడం వెనక ఎంత అనుభవం ఉందో నేను నేర్పడం మొదలుపెట్టాకే తెలిసింది. చాలామంది సి మేజర్‌తో మొదలుపెడతారు, పుస్తకాల్లో అది ముందుంటుంది కాబట్టి. సి కి మూడు వేళ్ళు మూడు వేర్వేరు ఫ్రెట్‌లలో చాచాలి, ఆరో తీగ తగలకుండా చూసుకోవాలి. కొత్త పిల్లకు అది ఒకేసారి నాలుగు పనులు. ఇ మైనర్‌కు రెండే వేళ్ళు, పక్కపక్కనే, ఒకే ఫ్రెట్‌లో. ఆరు తీగల్లో ఏది మీటినా తప్పు పలకదు. పది నిమిషాల్లో పిల్లకు ఒక నిండు శబ్దం చేతికొస్తుంది. ఆ రోజు రాత్రి ఆ పిల్ల నిద్రపోయేముందు తలుచుకునేది ఆ శబ్దాన్నే.

వారం పాటు ఇంకేమీ ముట్టుకోవద్దన్నాడు. తర్వాత ఎ మైనర్, ఆ తర్వాత జి, డి, చివరికి సి. ఆయన నాకు నేర్పింది ఈ ఐదు కార్డ్‌లే. స్వరలిపి ఆయనకు రాదు. తీగల పేర్లు కూడా ఒకటి, రెండు, మూడు అనేవాడే గానీ ఇంగ్లీషు అక్షరాలతో చెప్పేవాడు కాదు.

మా సీమలో గిటార్‌కు మొదటి ఇల్లు చర్చే. 1822లోనే లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు కడపలో స్థిరపడ్డారు. తర్వాత గుత్తి, జమ్మలమడుగు. కర్నూలు వైపు అమెరికన్ బాప్టిస్టులు. పాడడానికి మొదట ఉన్నది హార్మోనియం, తబలా. గిటార్ చాలా ఆలస్యంగా వచ్చి వాటి పక్కన కూర్చుంది. నాకు తెలిసిన పాత గిటారిస్టుల్లో ఎక్కువమంది, ఏ మతంవాళ్ళైనా, మొదటి కార్డ్ ఏదో ఒక చర్చి వరండాలోనో, చర్చిలో వాయించే స్నేహితుడి ఇంట్లోనో పట్టుకున్నవాళ్ళే. ఇందులో మతం సంగతి కన్నా వారం వారం జనం కలిసి పాడే సంగతి పెద్దది. ప్రతి ఆదివారం ఖాయంగా పాట ఉండాలి, పాటకు వాయించేవాడు ఉండాలి. అక్కడ నేర్చుకోవడం దానంతటదే జరిగిపోతుంది.

ఆ ఐదు కార్డ్‌ల తర్వాత నా గురువు మా ఇంట్లో టేప్‌రికార్డర్. ఒక పాట పెట్టేది, రెండు సెకన్లు విని ఆపేది, వెనక్కి తిప్పేది. ఆ చరణంలో కార్డ్ ఎక్కడ మారుతోంది? ముందు అది పట్టుకోవాలి. ఏ కార్డ్‌కు మారుతోంది అన్నది తర్వాత. బేస్ గిటార్ ఏ స్వరం మీద దిగుతోందో వింటే సగం తెలిసిపోతుంది. ఆరో తీగ మీద ఆ స్వరం వెతికి, దానిమీద మేజరా మైనరా అని రెండూ వాయించి చూసేది. ఒక పాటకు నాలుగు రోజులు పట్టేది. క్యాసెట్ రీలు సాగిపోయి మా చిన్నాయన చేత తిట్లు తిన్నాను.

కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి సాయంత్రాలు బ్యాటరీల మీద నడిపేవాణ్ణి. ఒకరోజు ముందురోజు సరిగ్గా కుదిరిన పాట అస్సలు కుదరలేదు. ఇ మైనర్ పట్టుకుంటే పాట దానికి కొంచెం కిందుగా ఉంది. నా చెవి పోయిందనుకున్నాను. అంగడన్న దగ్గరికి పోతే ఒక్కమాటలో తేల్చేశాడు: "బ్యాటరీలు దిగినాయి. టేపు మెల్లగా తిరుగుతాంది. శ్రుతి కిందికి జారింది." టేపు వేగం నూటికి ఆరు వంతులు తగ్గితే పాట దాదాపు ఒక ఫ్రెట్ కిందికి దిగుతుంది. ఆయన గిటార్ కీలు (తీగలు బిగించే మరలు) తిప్పి ఆరు తీగలనూ పాటంత కిందికి దించాడు. అవే వేళ్ళు, అవే కార్డ్‌లు, మళ్ళీ కుదిరింది. పాట అంటే ఫలానా కార్డ్‌లు కాదు, ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు ఉన్న దూరం అని నాకు ఆ అంగడి స్టూలు మీద తెలిసింది. పెద్ద దర్గా ఉరుసులో కవ్వాలీ వింటూ ఆ హార్మోనియం ఏ మెట్టు మీద నడుస్తోందో మనసులోనే గిటార్ మీద వెతుక్కునే అలవాటు కూడా అప్పటిదే.

గురువు దొరకలేదని బెంగపడకండి. గిటార్ పుట్టిన దగ్గర్నుంచీ జనం ఇలాగే నేర్చుకున్నారు. స్పెయిన్‌లో జోన్ కార్లెస్ అమాట్ అనే ఆయన 1596లో గిటార్ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. గిటార్ పాఠాల పుస్తకాల్లో తొలివాటిలో అది ఒకటి. అప్పటి గిటార్‌కు ఐదు జతల తీగలు. ఆయన వృత్తికి వైద్యుడు. కార్డ్‌లకు అంకెలు పెట్టి, స్వరలిపి రానివాళ్ళు కూడా అంకె చూసి వేళ్ళు పెట్టేలా చేశాడు. మా అంగడన్న తీగలను ఒకటి, రెండు అన్నట్టే.

అమెరికాలో ఎలిజబెత్ కాటన్ అనే ఆవిడ ఉండేది, 1893లో పుట్టింది. చిన్నపిల్లగా అన్న ఇంట్లో లేనప్పుడు అతని బాంజో తీసి వాయించేది. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చడం తెలియక వాయిద్యాన్నే తిరగేసి పట్టుకుని నేర్చుకుంది. తర్వాత ఇళ్ళల్లో పనిచేసి దాచుకున్న డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లకు గిటార్ కొనుక్కుంది. ఆమె తిరగేసి వాయించిన పద్ధతికి తర్వాత ఆమె పేరే వచ్చింది. ఎవరైనా "నీ చేయి తప్పు" అని ఆ పిల్లను ఆపి ఉంటే ఆ పద్ధతి ఉండేదే కాదు. లివర్‌పూల్‌లో పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఊళ్ళో ఎవరికో బి సెవెన్ కార్డ్ తెలుసని విని, అది నేర్చుకోవడానికి బస్సెక్కి పట్నం అటు చివరికి పోయారట. ఒక్క కార్డ్ కోసం బస్సు. నేను ఎఫ్ కార్డ్ సరిగ్గా పట్టే మనిషి కోసం ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఆయన ఒక కిరాణా అంగడిలో లెక్కలు రాసేవాడు. ఐదు నిమిషాలు చూపించి, టీ తాగించి పంపాడు.

మన మాండలిన్ శ్రీనివాస్‌ను చూడండి. నేను పుట్టిన ఏడే, 1969లో, పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు నాయన మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. ఆయనకు గురువైన రుద్రరాజు సుబ్బరాజు గాత్ర విద్వాంసుడు, మాండలిన్ వాయించడం ఆయనకు రాదు. ఆయన పాడేవాడు, ఈ పిల్లోడు ఆ పాటను మాండలిన్ మీద వెతికేవాడు. కర్ణాటక సంగీతంలో అంతకుముందు చోటే లేని వాయిద్యాన్ని అలా కచేరీ వేదిక మీదికి తెచ్చాడు. గురువుకు వాయిద్యం రాకపోయినా పాట వచ్చు. చేయి చూపించడానికి ఒకరు, పాట వినిపించడానికి ఒకరు ఉంటే చాలు, ఇద్దరూ ఒక్కరే కానవసరం లేదని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. ముందుగా గిటార్. ఎక్కువమంది పిల్లలు మానేసేది ఇక్కడే. నా సొంత అనుభవం చెప్తాను.

రెండేళ్ళు అంగడి గిటార్ మీద నేర్చుకున్నాక, 1986లో మా నాయన మద్రాసు పోయినప్పుడు ఒక అంగడిలో నాకు గిటార్ కొని రైల్లో తెచ్చాడు. ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం, అది ఆయనకు చిన్న ఖర్చు కాదు. చూడడానికి ఎర్రగా నిగనిగలాడుతోంది. వాయిస్తే వేళ్ళు తెగాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద పెన్సిలు దూరేంత ఎత్తు. గట్టిగా నొక్కితే గానీ పలకదు, గట్టిగా నొక్కితే శ్రుతి చెడుతుంది. తీగను అంత దూరం కిందికి లాగితే అది సాగి స్వరం పైకి పోతుంది. అందుకని వట్టి తీగలు (నొక్కకుండా మీటినవి) శ్రుతిలో ఉన్నా కార్డ్ పట్టేసరికి అపశ్రుతి. నెల రోజులు తప్పు నాదే అనుకున్నాను. నాయన అడుగుతారని సాయంత్రం కాసేపు వాయించి లోపల పెట్టేసేవాణ్ణి. నాకు ఆ గిటార్ అమ్మినవాడు ఒక్కసారి స్కేలు పెట్టి చూసుంటే, లేదా "తీగలు ఎత్తుగా ఉన్నాయి, దించి ఇస్తా" అని ఉంటే ఆ నెల నాకు మిగిలేది. కొత్త పిల్లల చేతికి అలాంటి వాయిద్యం ఇవ్వడం మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

దాన్ని బాగుచేసింది మా వీధి వడ్రంగి. గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చెక్కముక్కను బ్రిడ్జ్ అంటారు. దాని మీద తీగలు ఆనే తెల్లటి పట్టీ ఉంటుంది, సాడిల్ అంటారు. తీగలు వదులు చేసి దాన్ని బయటికి లాగి, అడుగు భాగాన్ని ఉప్పుకాగితం మీద రుద్దాడు. పై భాగం ముట్టుకోలేదు, దాని వంపు చెడకూడదు కాబట్టి. పెన్సిలుతో గీత గీసుకుని అంతవరకే. లెక్క ఇది: పన్నెండో ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటరు దిగాలంటే సాడిల్ 2 మిల్లీమీటర్లు అరగాలి. పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగం దూరంలో ఉంటుంది కాబట్టి. కొంచెం రుద్ది, బిగించి, వాయించి చూసి, మళ్ళీ విప్పి రుద్ది, ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఆయన నా దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆ సాయంత్రం అదే గిటార్ వేరే గిటార్ అయింది.

అందుకని కొనేటప్పుడు జేబులో చిన్న స్టీలు స్కేలు పెట్టుకుపోండి. పన్నెండో ఫ్రెట్ కమ్మీ పైనుంచి ఆరో తీగ అడుగు వరకు కొలవండి. ఇనుప తీగల గిటార్‌కు 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే హాయి. 3 దాటితే దించమనండి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు 4 వరకు పర్వాలేదు. మొదటి తీగను ఒక్కో ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటించండి, ఎక్కడా బుర్రుమనకూడదు. కీలు తిప్పితే జారకుండా ఆగాలి. రంగు, మెరుపు చివర చూడండి.

ఇనుపవా, నైలాన్‌వా? మీ అమ్మాయి వయసుకు నేనైతే నైలాన్ అంటాను. నైలాన్ తీగల బిగువు మొత్తం కలిపి 40 కిలోల దగ్గర ఉంటుంది, మామూలు ఇనుప తీగల సెట్టుది 70 దాటుతుంది. వేళ్ళకు ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. నైలాన్ గిటార్ మెడ వెడల్పు, నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర 52 మిల్లీమీటర్లు. ఇనుప తీగల దానికి 43 దగ్గర. చేయి మరీ చిన్నదైతే వెడల్పు మెడ ఇబ్బంది, తొమ్మిదో తరగతి పిల్లకు సరిపోతుంది. తనకు మాత్రం సినిమా పాటల్లో వినే ఆ గలగల శబ్దమే కావాలని ఉంటే ఇనుపదే కొనండి, సన్నటి తీగల సెట్టు వేయించండి. ఇష్టంలేని శబ్దం మీద ఏ పిల్లా నిలబడదు. పెద్ద ఒళ్ళున్న డ్రెడ్‌నాట్ రకం మాత్రం వద్దు. 1906 నాటి బ్రిటిష్ యుద్ధనౌక పేరు దానికి పెట్టారంటేనే దాని సైజు తెలుస్తుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే పిల్ల కుడి భుజం చెవి దాకా లేస్తుంది, అరగంటలో మెడ నొప్పి. చిన్న ఒళ్ళున్న రకం అడగండి.

మన ఎండల గురించి ఏ వీడియోలోనూ చెప్పరు, నేను చెప్పాలి. గిటార్‌కు నప్పేది గాలిలో నూటికి 45 నుంచి 55 వంతుల తేమ. మన ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం అది ఎంతకు పడిపోతుందో మీకు తెలుసు. చెక్క ఎండి కుంచించుకుంటుంది, ఫ్రెట్ కమ్మీల కొసలు మెడ పక్కనుంచి బయటికి పొడుచుకొస్తాయి. వేలు జరిపితే గీసుకుంటుంది. నా దగ్గర నేర్చుకునే ఒక పిల్లవాడి గిటార్‌ను వాళ్ళ నాయన మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలు కార్లో వదిలేశాడు. జిగురు మెత్తబడి, తీగల బిగువుకు బ్రిడ్జ్ లేచి వచ్చేసింది. రేకుల గదిలో, బీరువా మీద, పడమటి గోడకు గిటార్ పెట్టొద్దు. ఇంకో సంగతి, మనవైపు ఇళ్ళలో కూలర్లు. గిటార్‌ను కూలర్ గాలికి ఎదురుగా పెడితే రాత్రంతా తేమ పీల్చి ఉబ్బుతుంది, పగలు ఎండుతుంది. రోజూ ఈ ఉబ్బడం, ఎండడం వల్లనే చెక్క పగులుతుంది. పెట్టెలో పెట్టి, పక్కన మూతకు బెజ్జాలు పెట్టిన సబ్బుపెట్టెలో బాగా పిండిన తడి స్పాంజి ముక్క పెట్టండి. రెండు మూడు రోజులకోసారి తడపండి. నీళ్ళు కారకూడదు, అంతే. నేను ఇరవై వేసవులు అలాగే దాటించాను.

మొదటి నెల ఎలా గడవాలి? రోజుకు ఇరవై నిమిషాలు రెండుసార్లు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇది చాలా మేలు. వేలి చివర తోలు గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ లోపల నొప్పి ఉంటుంది, అది మామూలే. వేలి కొస నొప్పి పర్వాలేదు. మణికట్టు నొప్పి, బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే ఆపాలి. అది చేయి తప్పుగా పెట్టినందుకు వచ్చేది. స్నానం చేసిన వెంటనే, గిన్నెలు కడిగిన వెంటనే వాయించొద్దు, తోలు మెత్తగా ఉండి తెగుతుంది. ఎడమచేతి గోళ్ళు బాగా కత్తిరించాలి.

శ్రుతికి ఫోన్‌లో ట్యూనర్ ఆప్ వాడుకోనివ్వండి. కానీ వారానికోసారి చెవితో చేయించండి. ఆరో తీగను ఐదో ఫ్రెట్‌లో నొక్కితే వచ్చేది ఐదో తీగ స్వరం. ఐదో తీగను ఐదో ఫ్రెట్‌లో నొక్కితే నాలుగోది, నాలుగో తీగ నుంచి మూడోది అలాగే. మూడో తీగ ఒక్కటే వేరు, దాన్ని నాలుగో ఫ్రెట్‌లో నొక్కితేనే రెండో తీగ స్వరం వస్తుంది. మళ్ళీ రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో మొదటి తీగ. రెండు తీగలు దాదాపు కలిసినప్పుడు శబ్దం అలలాగా ఊగుతుంది. దగ్గరయ్యే కొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, కలిసిపోతే ఆగిపోతుంది. ఆ ఊపు ఆగడం పిల్ల తన చెవితో ఒక్కసారి పట్టుకుందంటే ఆ రోజు పండగే.

కార్డ్‌లు నేను చెప్పిన వరసలోనే. రెండు కార్డ్‌లు రాగానే వాటి మధ్య మారడం అభ్యాసం చేయాలి. ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని ఎన్నిసార్లు మారగలిగిందో లెక్కపెట్టుకోమనండి. మొదటి రోజు ఏడెనిమిది వస్తాయి. ముప్పై వచ్చిందంటే పాట పాడుకోవచ్చు. ఎఫ్ కార్డ్‌ను మూడో నెల వరకు దగ్గరికి రానివ్వద్దు. చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పరిచి నొక్కాలి, ఆ బలం అప్పటికి గానీ రాదు. ఎఫ్ ఉన్న పాట కావాలంటే కేపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుని వేరే కార్డ్‌లతో వాయించొచ్చు. మొదటి పాట తనకు ఇష్టమైనదే కావాలి. మీకు నచ్చింది కాదు, నాకు నచ్చింది కూడా కాదు.

ఇంట్లో సంగీతం లేదన్నారు. సరిగమలు మీరు బడిలోనో గుడిలోనో ఎక్కడో వినే ఉంటారు. అది గిటార్ మీద ఎంత తేలికో చూడండి. ఏ తీగైనా సరే, వట్టి తీగను స అనుకోండి, అదే 0. మన పిల్లలు సరళీవరసలు మొదలుపెట్టే మాయామాళవగౌళకు ఫ్రెట్‌లు ఇవి: 0, 1, 4, 5, 7, 8, 11, 12. వరసగా స రి గ మ ప ద ని స. అదే తీగ మీద 0, 2, 4, 5, 7, 9, 11, 12 వాయిస్తే శంకరాభరణం, గిటార్ పుస్తకాల్లో మేజర్ స్కేల్ అనేది ఇదే. 0, 2, 4, 7, 9, 12 మోహనం. మా పక్కింట్లో వయొలిన్ నేర్పే ఒక అమ్మగారు ఉండేవారు. పిల్లలకు పాఠం చెప్తుంటే గోడ ఇవతల నేను ఒకే తీగ మీద ఆ వరసలు వెతుక్కునేవాణ్ణి. ఆమెకు తెలిసిపోయి, ఒకరోజు గోడ అవతల నుంచే "మధ్యమం తక్కువైంది నాయనా" అన్నారు. తాళ్ళపాక మాకు దగ్గరే కదా, అన్నమయ్య కీర్తనలకు మొదట నాకు వరసలు చెప్పింది ఆమే. కార్డ్‌లు ఒక చేత్తో, సరళీవరసలు ఒక చేత్తో అన్నట్టు రెండూ కలిసి నడిస్తే పిల్లకు వాయిద్యం మీద ఎక్కడ ఏముందో ఆరు నెలల్లో అర్థమవుతుంది. రోజూ పది నిమిషాలు చాలు.

ఇక ఆ మనిషిని ఎక్కడ వెతకాలి? ఆదివారం పొద్దున ఏదైనా పెద్ద చర్చిలో ఆరాధన అయ్యాక క్వయర్ దగ్గరికి పోండి. గిటార్ వాయించే అబ్బాయో అమ్మాయో ఉంటారు. ఇప్పుడు అమ్మాయిలు చాలామంది వాయిస్తున్నారు, అలాంటి పిల్ల దొరికితే మీ అమ్మాయికి ఇంకా బాగుంటుంది. మీ ఊళ్ళో జేఎన్టీయూ ఉంది, ఎస్కే యూనివర్సిటీ ఉంది. హాస్టళ్ళలో గిటార్ ఉన్న పిల్లలు తప్పకుండా ఉంటారు. పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రా వాళ్ళను అడగండి, వాళ్ళకు రాత్రుళ్ళు పని, పగలు ఖాళీ. వాయిద్యాలు రిపేరు చేసేవాళ్ళుంటే వాళ్ళకు ఊళ్ళో ఎవరెవరు వాయిస్తారో తెలిసి ఉంటుంది. నాలుగు ఆదివారాలు, రోజుకు గంట చొప్పున చేయి సరిదిద్దమని అడగండి. డబ్బు ఇవ్వండి, మొహమాటపడకండి, తీసుకోకపోతే భోజనం పెట్టండి. ఆ తర్వాత నెలకోసారి చూపించుకుంటే చాలు.

యూట్యూబ్ వద్దని నేను అనను. మాకు నాలుగు రోజులు పట్టిన పాట మీ అమ్మాయికి అరగంటలో దొరుకుతుంది, అది మంచిదే. కానీ వీడియోకు మీ అమ్మాయి చేయి కనపడదు. బొటనవేలు మెడ మీదికి ఎక్కిందా, మణికట్టు విరిగినట్టు వంగిందా, వేలు కమ్మీకి ఎంత దూరంలో ఉంది, ఇవి అది చెప్పలేదు. నా దగ్గరికి రెండేళ్ళు వీడియోలు చూసి వచ్చిన పిల్లలకు పాటలు బోలెడు వచ్చు, చేయి మళ్ళీ మొదటి నుంచి దిద్దాల్సొస్తుంది. ఆరు నెలల పని. అంత ఇష్టంగా నేర్చుకున్న పిల్లతో "ఇది విప్పి మళ్ళీ వేద్దాం తల్లీ" అనడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఇంకో మాట, వారానికి ఒక పాటైనా వీడియో చూడకుండా, విని మాత్రమే కార్డ్‌లు పట్టుకోమనండి. తప్పులు వస్తాయి. రానివ్వండి, దిద్దకండి.

లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళు పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షల లాంటివి ఉన్నాయి, మంచివే. ఇళయరాజా గారు పన్నైపురం అనే పల్లెటూరి నుంచి, అన్నల వెంట హార్మోనియం వాయిస్తూ తిరిగి, మద్రాసు వచ్చి నేర్చుకుని ట్రినిటీ వాళ్ళ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నారు. ఆయన ముందు పాటలో మునిగి తేలి ఆ తర్వాత పరీక్షకు పోయారు. మీ అమ్మాయికి మొదటి ఏడాది పరీక్ష మాట ఎత్తకండి, పదో తరగతి భారం ఎలాగూ వస్తోంది.

మీకు బెంగళూరు దగ్గర, గిటార్ కొనడానికి అక్కడికే పోతారనుకుంటాను. కొన్నాక పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు నిలబెట్టి పక్కనుంచి ఒక ఫోటో, బ్రిడ్జ్ దగ్గర సాడిల్ ఎంత పైకి ఉందో ఇంకో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. దించాలా వద్దా, దించాలంటే ఎంత రుద్దాలో చూసి చెప్తాను. ఇనుప తీగల గిటార్ అయితే మొదటి తీగ విడిగా ఇంకో రెండు కొని ఉంచుకోండి, ఎక్కువగా ముందు తెగేది అదే.